గొర్రెల కాపరి పై: కొద్దిపాటి మాంసం, ఇంటిల్లిపాదికీ సమపాళ్ళు

ఆరోగ్య పాఠం – వంటింటి నుండి



ఆదివారం పొద్దున మన హుజూరాబాద్‌లో గాని, జమ్మికుంటలో గాని, వీణవంక, సైదాపూర్ వంటి ఊళ్ళలో గాని మటన్ దుకాణాల ముందు జనం నిలబడి ఉండడం మనకు తెలిసిన సంగతే. అర కిలో మాంసం ఇంటికి వస్తుంది. మధ్యాహ్నానికి కూర ఘుమఘుమలాడుతుంది. అయితే ఆ గంజులోంచి ఎవరి కంచంలోకి ఎంత పోతున్నదో ఎప్పుడైనా లెక్క చూశారా? మంచి ముక్కలు ఇంటి యజమానికి, వచ్చిన చుట్టానికి. ఆ తరువాత పిల్లలకు. పళ్ళు ఊడిన తాతకు, అమ్మమ్మకు రెండు గంటెల పులుసు. అందరికీ వడ్డించి చివరన కూర్చున్న తల్లికి నాలుగు బొక్కలు, అడుగున మిగిలిన మసాలా.

అంటే మాంసం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ అందుతున్నది. దీనికి ఎవరి దుర్బుద్ధీ కారణం కాదు. ముక్కల కూర అంటేనే అలా పంచబడుతుంది. కావున ఈ పాఠంలో ముక్కలే లేని ఒక మాంసపు వంట నేర్చుకుందాం. ఐర్లండు దేశపు ఇళ్ళలో చేసుకునే ఈ వంట పేరు షెపర్డ్స్ పై, అనగా గొర్రెల కాపరి పై. అడుగున గొర్రె ఖీమా, పైన మెదిపిన ఆలుగడ్డ. అంతే. గొర్రెలు మనకు కొత్త కాదు, ఆలుగడ్డ కొత్త కాదు. రెంటినీ కలిపి వండే పద్ధతి మాత్రమే కొత్త.

ఈ వంట ఎక్కడిది?

నిజం చెప్పాలంటే ఇది ఒక్క ఐర్లండుదే కాదు. ఇంగ్లండు, స్కాట్లండులలో కూడా తరతరాలుగా చేస్తున్నారు. 1791 నాటికే కాటేజ్ పై అనే మాట రాతల్లో కనబడుతుంది. కాటేజ్ అంటే పేదవారి చిన్న ఇల్లు. షెపర్డ్స్ పై అనే పేరు ఆ తరువాత, 19వ శతాబ్దం మధ్యకాలంలో వచ్చింది. నేటి వాడుకలో గొర్రె మాంసంతో చేస్తే షెపర్డ్స్ పై, గొడ్డు మాంసంతో చేస్తే కాటేజ్ పై అంటారు. ఐర్లండులో పచ్చిక బయళ్ళు, గొర్రెల మందలు, ఆలుగడ్డ పొలాలు ఎక్కువ గనుక అక్కడ ఇది ఇంటింటి వంటగా స్థిరపడింది.

ఇది పుట్టింది పొదుపు కొరకు. ఆదివారం నాడు పెద్ద మాంసపు ముక్కను కాల్చి తినేవారు. మిగిలినదాన్ని పారవేయకుండా సన్నగా తరిగి, ఉల్లిగడ్డ, రసం కలిపి ఉడికించి, పైన ఆలుగడ్డ పరిచి, సోమవారం నాడు మళ్ళీ వేడి చేసి తినేవారు. 19వ శతాబ్దం రెండవ సగంలో ఖీమా కొట్టే చేతి యంత్రాలు ఇళ్ళకు చేరిన తరువాత ఈ వంట మరింత సులువైంది.

ఒక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. నిన్నటి మాంసంతో నేడు వండుకోవడం ఆ చలిదేశంలో సాగింది. మన ఎండల్లో అది సాగదు. కావున మనం ఈ వంటను తాజా ఖీమాతోనే చేసుకోవాలి. కారణం ముందు ముందు వివరిస్తాము.

ఆలుగడ్డ నేర్పిన పాఠం

ఆలుగడ్డ పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. ఐర్లండు చేరిన తరువాత అక్కడి పేదలకు అదే ప్రాణాధారమైంది. ఒక కూలి మనిషి రోజుకు నాలుగైదు కిలోల ఆలుగడ్డలు తిని, చల్ల తాగి బతికేవాడు. చిన్న చెక్క నేలలో కూడా కుటుంబానికి సరిపడా పండేది. అందువలన వేరే పంట గురించి ఆలోచన లేకపోయింది.

1845లో ఆకుమాడు తెగులు వచ్చింది. ఆలుగడ్డ మడులు నల్లబడి, నేలలోని గడ్డలు కుళ్ళిపోయాయి. కొన్ని ఏండ్ల పాటు ఈ తెగులు తిరిగి తిరిగి వచ్చింది. 1852 వరకు సాగిన ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. మరో 10 లక్షల మందికి పైగా ఓడలెక్కి దేశం విడిచిపోయారు. 1841 జనాభా లెక్కల్లో 81 లక్షలకు పైగా ఉన్న జనం 1851 లెక్కల్లో 65 లక్షలకు పడిపోయారు. ఆ కాలంలోనే ఆ దేశం నుండి ధాన్యం, పశువులు బయటికి ఎగుమతి అవుతూనే ఉన్నాయి. కొనే శక్తి లేక జనం చనిపోయారు.

ఈ కథ మనకెందుకు? ఒకే పదార్థం మీద కడుపు నింపుకునే అలవాటు ఎక్కడైనా ప్రమాదమే. కాకతీయ కాలువ నీళ్ళు వచ్చిన తరువాత మన ప్రాంతంలో వరి విస్తారంగా పండుతున్నది. అది మంచిదే. అయితే మూడు పూటలా అన్నమే కంచం నిండా, కూర మాత్రం అంచున ఒక చెంచా అయితే కడుపు నిండుతుంది గాని ఒంటికి రక్తం పట్టదు. ఆకలి రెండు రకాలు. ఒకటి కడుపుకు తెలిసే ఆకలి. రెండవది రక్తానికి, ఎముకకు, కండకు తెలిసే ఆకలి. ఈ రెండవ ఆకలి బయటికి కనబడదు.

మన ఇళ్ళలో రక్తహీనత

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల మహిళల్లో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నది. ఐదేండ్ల లోపు పిల్లల్లో నూటికి సుమారు 70 మందికి ఉన్నది. మరో లెక్క చూడండి. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు సుమారు 1 కోటి 90 లక్షలు. దేశంలోని అన్ని రాష్ట్రాల్లోకెల్లా గొర్రెలు ఎక్కువ ఉన్నది మన రాష్ట్రంలోనే. 2017 జూన్‌లో మొదలైన పంపిణీ పథకంలో గొల్ల కురుమ కుటుంబాలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీ మీద ఇచ్చారు. మందలు పెరిగాయి. అయినా తల్లి బిడ్డల రక్తం పెరగలేదు. ఊరిలో గొర్రె ఉంటే చాలదు, అది ఎవరి కంచంలోకి చేరుతున్నదన్నదే అసలు ప్రశ్న.

మాంసంలోని ఇనుమును మన పేగులు తేలికగా పీల్చుకుంటాయి. ఆకుకూరల్లో, పప్పుల్లో కూడా ఇనుము ఉంటుంది గాని దానిలో కొద్ది భాగమే ఒంటికి పడుతుంది. అయితే మాంసంతో పాటు గాని, విటమిన్ సి ఉన్న టమాట, నిమ్మరసం వంటి వాటితో పాటు గాని తింటే ఆ కూరగాయల్లోని ఇనుము కూడా మెరుగ్గా పడుతుంది. 100 గ్రాముల కొవ్వు తక్కువ మటన్‌లో 18 నుండి 20 గ్రాముల మాంసకృత్తులు, సుమారు 2 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. రక్తం తయారీకి కావలసిన విటమిన్ బి12 కూడా ఉంటుంది. ఈ విటమిన్ మాంసం, గుడ్లు, పాల వంటి జంతు సంబంధమైన ఆహారం నుండే సహజంగా లభిస్తుంది.

గమనిక: ఆహారం మందుకు బదులు కాదు. మహిళలకు హీమోగ్లోబిన్ 12 కంటే, గర్భిణులకు 11 కంటే తక్కువ ఉంటే డాక్టరును కలవాలి. ఇచ్చిన ఇనుము మాత్రలు పూర్తిగా వాడాలి. ఆహారం ఆ మాత్రలకు తోడు మాత్రమే.

మాంసం కొనేటప్పుడు

1. మాంసం మీ కళ్ళ ముందు కొట్టించుకోండి. ఎముక లేని తొడ, జబ్బ మాంసం తీసుకుని, పైకి కనబడే కొవ్వు తీయించి, అప్పుడు ఖీమా కొట్టించండి. ముందే కొట్టి పెట్టిన ఖీమా వద్దు.

2. ఖీమా యంత్రం, మొద్దు, కత్తి శుభ్రంగా ఉన్నాయో చూడండి. ముక్క మాంసానికి క్రిములు పై భాగానే ఉంటాయి. ఖీమా కొట్టినప్పుడు అవి లోపలికంతా కలిసిపోతాయి. అందువలన ఖీమా ముక్కల కంటే త్వరగా చెడుతుంది. ఇంటికి తెచ్చిన వెంటనే వండాలి.

3. గొర్రె అయినా మేక అయినా ఈ వంటకు పనికివస్తుంది. లేత మాంసమైతే త్వరగా ఉడుకుతుంది.

4. రోగంతోనో, ఉన్నట్టుండి పడిపోయో చనిపోయిన గొర్రె మాంసం చవకగా వస్తుందని కొనవద్దు. ఉన్నట్టుండి చనిపోయిన జీవాలకు దొమ్మ రోగం, అనగా ఆంత్రాక్స్ ఉండవచ్చు. దాన్ని కోసినవారికి, ముట్టినవారికి కూడా అది అంటుతుంది. వండితే పోతుందిలే అనుకోవడం పొరపాటు. వెంటనే పశువైద్యునికి తెలపాలి.

5. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు కనబడితే ఆ భాగాన్ని కుక్కలకు వేయకండి. ఆ తిత్తుల నుండి కుక్క కడుపులో బద్దె పురుగులు పెరుగుతాయి. కుక్క మలం ద్వారా వాటి గుడ్లు మన చేతులకు, నీళ్ళకు చేరి మన కాలేయంలోనే తిత్తులు కట్టిస్తాయి. మందల దగ్గర కుక్కలను పెంచేవారు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. ఆ భాగాన్ని లోతుగా పూడ్చివేయండి లేదా కాల్చివేయండి.

కావలసిన పదార్థాలు (ఆరుగురికి)

అడుగు భాగానికి:
మటన్ ఖీమా – అర కిలో
ఉల్లిగడ్డలు – 2 పెద్దవి
క్యారెట్లు – 2
పచ్చి బఠానీలు – 1 కప్పు
టమాటలు – 2
ఎల్లిగడ్డ – 6 పాయలు, చిన్న అల్లం ముక్క
గోధుమ పిండి – 1 పెద్ద చెంచా
మిరియాల పొడి – 1 చిన్న చెంచా
ధనియాల పొడి – 1 చిన్న చెంచా
నూనె – 2 పెద్ద చెంచాలు
కొత్తిమీర, పుదీనా – గుప్పెడు
ఉప్పు – రుచికి తగినంత, కొద్దిగా తక్కువే

పై భాగానికి:
ఆలుగడ్డలు – 1 కిలో
వేడి పాలు – అర కప్పు
నెయ్యి లేదా వెన్న – 1 పెద్ద చెంచా
ఉప్పు, మిరియాల పొడి – చిటికెడు

ఐర్లండువారు దీనిలో మన దగ్గర దొరకని సువాసన ఆకులు వేస్తారు. వాటికి బదులు మన కొత్తిమీర, పుదీనా చక్కగా సరిపోతాయి. కారం అలవాటైనవారు రెండు పచ్చి మిరపకాయలు వేసుకోవచ్చు. అయితే పసిపిల్లలు, కడుపులో పుండు ఉన్నవారు తినేటట్లయితే కారం లేకుండా చేసి, మిగతావారు పక్కన పచ్చడి వేసుకోవడం మంచిది.

ఖర్చు తగ్గించుకోవాలంటే ఖీమా 350 గ్రాములు తీసుకుని, 100 గ్రాముల ఎర్రపప్పు విడిగా ఉడికించి కలపండి. ఖీమాలో అది కలిసిపోతుంది, రుచి చెడదు. మాంసం తినని ఇళ్ళలో ఎర్రపప్పు, ఉడికించిన శనగలు, నానబెట్టి సన్నగా చేసిన మీల్ మేకర్‌లతో ఇదే వంట చేయవచ్చు.

చేసే విధానం

1. ఆలుగడ్డలను కడిగి, పొట్టుతోనే ఉడికించండి. పొట్టుతో ఉడికిస్తే విటమిన్ సి నీళ్ళలోకి ఎక్కువగా పోదు. ఆకుపచ్చ రంగు తిరిగినవి, బాగా మొలకలు వచ్చినవి వాడవద్దు. వాటిలో ఉండే విష పదార్థం ఉడికించినా పోదు. వాంతులు, కడుపునొప్పి కలుగవచ్చు. పలుచని తోలు ఉండే కొత్త గడ్డ కంటే ముదురు గడ్డ మెత్తగా, పొడిగా మెదుగుతుంది.

2. ఖీమాను కొళాయి కింద పెట్టి కడగవద్దు. నీళ్ళు చింది క్రిములు పక్కనున్న పాత్రలకు, కూరగాయలకు అంటుతాయి. కడిగినంత మాత్రాన క్రిములు చావవు, ఉడికితేనే చస్తాయి. ఖీమా ముట్టిన చేతులను, పాత్రలను సబ్బుతో కడగండి. ఖీమా పెట్టిన పళ్ళెంలో కొత్తిమీర తరగవద్దు.

3. మందపాటి గంజులో నూనె వేడి చేసి సన్నగా తరిగిన ఉల్లిగడ్డలు వేయించండి. తరువాత అల్లం, ఎల్లిగడ్డ నూరి వేయండి. పచ్చి వాసన పోయాక ఖీమా వేసి, గంటెతో విడదీస్తూ, ఎరుపు పూర్తిగా పోయి గోధుమ రంగు వచ్చే దాకా వేయించండి. ఈ దశలో తొందర పడవద్దు. రుచి అంతా ఇక్కడే వస్తుంది.

4. క్యారెట్ సన్నని ముక్కలు, టమాటలు, ధనియాల పొడి, మిరియాల పొడి, ఉప్పు వేయండి. గోధుమ పిండి చల్లి రెండు నిమిషాలు కలపండి. ఒకటిన్నర కప్పు నీళ్ళు పోసి మూత పెట్టి, సన్నని సెగ మీద 35 నుండి 40 నిమిషాలు ఉడికించండి. ముదురు మాంసమైతే కుక్కర్‌లో నాలుగు విజిల్స్ రానివ్వండి. చివరి పది నిమిషాల్లో బఠానీలు, దించే ముందు కొత్తిమీర, పుదీనా వేయండి. మిశ్రమం చిక్కగా ఉండాలి. నీళ్ళగా ఉంటే పైన పరిచే ఆలుగడ్డ మునిగిపోతుంది.

5. ఆలుగడ్డలు వేడి మీదనే పొట్టు తీసి, పప్పు గుత్తితో మెదపండి. చల్లారితే గడ్డలు గడ్డలుగా ఉండిపోతాయి. మిక్సీలో మాత్రం వేయవద్దు, జిగురులా సాగుతుంది. వేడి పాలు, నెయ్యి, ఉప్పు వేసి నున్నగా కలపండి.

6. వెడల్పాటి పాత్రలో ఖీమా పరిచి, పైన ఆలుగడ్డను చెంచాతో అంచుల నుండి మొదలుపెట్టి నడుమకు పరచండి. అంచులు మూసుకుంటే రసం పైకి పొంగదు. ఫోర్కుతో గాని, చెంచా కాడతో గాని పైన చాళ్ళు గీయండి. ఆ చాళ్ళ గట్లే ఎర్రగా కాలి కరకరలాడుతాయి.

7. ఓవెన్ ఉన్నవారు 200 డిగ్రీల వేడిలో 20 నుండి 25 నిమిషాలు పెట్టండి. దించిన తరువాత పది నిమిషాలు ఆగి కోయండి.

ఓవెన్ లేనివారు ఏమి చేయాలి?

బెంగ పడవలసిన పని లేదు. ఖీమా, ఆలుగడ్డ రెండూ ముందే పూర్తిగా ఉడికాయి. ఓవెన్ పని పై భాగాన్ని ఎర్రగా చేయడమే.

మొదటి పద్ధతి నిప్పుల మూత. దమ్ బిర్యానీకి చేసినట్టే గంజును పాత పెనం మీద సన్నని సెగన పెట్టి, ఇనుప మూత మీద నిప్పులు పోసి పదిహేను నిమిషాలు ఉంచండి. విచిత్రమేమంటే ఐర్లండు పల్లెల్లో కూడా పూర్వం ఓవెన్లు లేవు. వారు బాస్టిబుల్ అనే ఇనుప పాత్రను పొయ్యి మీద పెట్టి, చిత్తడి నేలల నుండి తవ్వి ఎండబెట్టిన మట్టి పెళ్ళల నిప్పులను దాని మూత మీద వేసి రొట్టెలు కాల్చుకునేవారు. అక్కడి అవ్వ, ఇక్కడి అవ్వ ఒకే ఉపాయం కనిపెట్టారన్నమాట. బొగ్గుల నిప్పు వాడేటప్పుడు తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి. మూసిన గదిలో బొగ్గు పొగ, కంటికి కనబడని విషవాయువు ప్రాణం తీస్తాయి.

రెండవ పద్ధతి పెనం. మెదిపిన ఆలుగడ్డను అరచేతి మందాన బిళ్ళలుగా చేసి, పెనం మీద కొద్ది నెయ్యితో రెండు వైపులా ఎర్రగా కాల్చి, వేడి ఖీమా మీద పక్కపక్కన పేర్చండి. ఇది అన్నిటికంటే సులువు.

ఎవరు ఎలా తినాలి?

అర కిలో ఖీమాను ఆరు పాళ్ళు చేస్తే ఒక్కొక్కరికి 80 గ్రాములకు పైగా పచ్చి మాంసం వస్తుంది. దాని నుండే సుమారు 15 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి.

అందరూ గమనించవలసినది: ఇది కూర కాదు, పూర్తి భోజనం. దీన్ని అన్నంలో కలుపుకుని తింటే పిండి పదార్థం మీద పిండి పదార్థం పడుతుంది. పక్కన కీరదోస, ఉల్లిగడ్డ, టమాట ముక్కలు, నిమ్మరసం పెట్టుకోండి. అన్నం ఆ పూటకు మానండి.

పసిపిల్లలు: ఆరు నెలలు నిండి అదనపు ఆహారం అలవాటైన బిడ్డకు కారం, ఉప్పు లేకుండా విడిగా తీసి, మెత్తగా మెదిపి రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టవచ్చు. బఠానీలను తప్పక నలిపి పెట్టండి. గుండ్రని గింజ గొంతుకు అడ్డుపడుతుంది. తల్లిపాలు కొనసాగించాలి.

గర్భిణులు, బాలింతలు: బాలింతకు పథ్యం పేరుతో మాంసం, కూరగాయలు మాన్పించి ఉత్త అన్నం పెట్టడం సరికాదు. పూర్తిగా ఉడికిన ఖీమా వారికి మేలు చేస్తుంది. భోజనం చేసిన వెంటనే చాయ్ తాగకండి. చాయ్ కూరగాయల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట, రెండు గంటలు ఆగండి.

వృద్ధులు: పళ్ళు లేనందున చాలా మంది పెద్దవారు చల్ల అన్నంతోనే రోజులు గడుపుతారు. కండ కరిగి, కాళ్ళల్లో బలం పోయి, జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. వారికి ఈ మెత్తని వంట ఎంతో అనుకూలం. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవారికి మాత్రం డాక్టరును అడిగిన తరువాతే పెట్టండి.

జబ్బు నుండి కోలుకునేవారు: క్షయ మందులు వాడుతున్నవారికి, ఆపరేషన్ అయి మామూలు భోజనానికి అనుమతి వచ్చినవారికి కండ పట్టడానికి ఇది తోడ్పడుతుంది.

షుగర్ ఉన్నవారు: మెదిపిన ఆలుగడ్డ రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. సగం ఆలుగడ్డకు బదులు ఉడికించి నీళ్ళు పిండిన గోబీ పువ్వు మెదిపి కలపండి. ఖీమా వైపు ఎక్కువ, ఆలుగడ్డ వైపు తక్కువ తినండి.

బి.పి., గుండె జబ్బు ఉన్నవారు: ఉప్పు తగ్గించండి. కొవ్వు తీసిన మాంసమే వాడండి. ఖీమా ఉడికాక పైన తేలిన కొవ్వును చెంచాతో తీసివేయండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు: ఆలుగడ్డలో పొటాషియం ఎక్కువ. మాంసకృత్తుల మోతాదు కూడా మీకు వేరు. డాక్టరు చెప్పనిదే తినవద్దు.

మిగిలినదాన్ని ఏమి చేయాలి?

ఇప్పుడు మొదట వాయిదా వేసిన సంగతికి వద్దాం. మాంసం ఉడికినప్పుడు చాలా క్రిములు చస్తాయి గాని, కొన్ని క్రిముల బీజాలు వేడిని తట్టుకుని నిలుస్తాయి. వంట గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే ఆ బీజాలు మొలిచి లక్షలుగా పెరుగుతాయి. పై పెద్ద ముద్దగా ఉంటుంది గనుక నడిమి భాగం చాలా ఆలస్యంగా చల్లారుతుంది. అలా చెడిన వంట తిన్నవారికి కొన్ని గంటల తరువాత కడుపులో మెలితిప్పే నొప్పి, విరేచనాలు మొదలవుతాయి. పసిపిల్లలకు, ముసలివారికి అది ప్రాణం మీదికి రావచ్చు. వాసన, రుచి మారకుండానే ఇది జరుగుతుంది. వాసన చూసి బాగుందనుకోవద్దు.

ఇవి పాటించండి:

వండిన రెండు గంటల లోపు తినడమో, ఫ్రిజ్‌లో పెట్టడమో చేయాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో గంట లోపే.

ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు చిన్న చిన్న గిన్నెల్లోకి తీయండి. లోపలి దాకా త్వరగా చల్లబడుతుంది.

మరునాటికి ముగించండి. కరెంటు ఎక్కువ సేపు పోయి ఉంటే పారవేయండి.

మళ్ళీ వేడి చేసేటప్పుడు నడిమి భాగం నుండి కూడా పొగలు రావాలి. ఒక్కసారే వేడి చేయాలి. కొన్ని క్రిములు వదిలిన విషం ఎంత కాచినా పోదు గనుక, బయట ఉండిపోయినదాన్ని కాచి తినవచ్చుననుకోవద్దు.

ఫ్రిజ్ లేనివారు ఆ పూటకు సరిపడా మాత్రమే వండండి. మిగిలేటట్టుంటే పక్కింటి ముసలమ్మకు వేడివేడిగా పంపండి.

వడ్డించే పద్ధతి

ఈ వంటలో మరువకూడని ఆఖరి మెట్టు వడ్డన. పాత్ర దించిన తరువాత, ఎవరికీ వడ్డించక ముందే, కత్తితో ఇంట్లో ఎందరు ఉంటే అన్ని సమభాగాలు గీయండి. చిన్నపిల్లలకు సగం భాగం చాలు. ప్రతి భాగంలోనూ ఖీమా అంతే, ఆలుగడ్డ అంతే. ఏరుకోవడానికి మంచి ముక్క లేదు, మిగలడానికి బొక్క లేదు. తల్లి భాగం ముందే గీసి ఉంటుంది గనుక ఆమె చివర కూర్చున్నా అది తగ్గదు. అయ్యలు, అన్నలు కూడా ఈ పాఠం చదువుతుంటే, ఆ గీత గీసే పని మీరే తీసుకోండి.

నేర్చుకున్నది సరిచూసుకోండి

ప్రశ్న: ఖీమా ముక్క మాంసం కంటే త్వరగా ఎందుకు చెడుతుంది?
జవాబు: పైనుండే క్రిములు కొట్టినప్పుడు లోపలికంతా కలుస్తాయి గనుక.

ప్రశ్న: ఈ వంటతో పాటు అన్నం ఎందుకు తినవద్దు?
జవాబు: ఆలుగడ్డలోనే సరిపడా పిండి పదార్థం ఉన్నది గనుక.

ప్రశ్న: మిగిలినదాన్ని ఎంత సేపటి లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి?
జవాబు: రెండు గంటలు. మండు వేసవిలో ఒక గంట.

ప్రశ్న: ఈ వంట తింటున్నాము గనుక ఇనుము మాత్రలు మానవచ్చునా?
జవాబు: మానకూడదు. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి.

ప్రశ్న: మీ ఇంట్లో గత ఆదివారం మాంసం ఎవరి కంచంలోకి అందరికంటే తక్కువ వచ్చింది?
జవాబు: ఇది మీరే చెప్పాలి. వచ్చే ఆదివారం మొదటి భాగం వారికి వడ్డించండి.